ఒక ఉక్కు గోళీ, అర కిలో సీసం: శక్తి లెక్కల ప్రాజెక్టు డైరీ

మొదటి రోజు

శక్తి అంటే "పని చేయగలిగే సామర్థ్యం" అని పాఠ్యపుస్తకంలో చదివి బట్టీ పట్టినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఇన్నేళ్ళ తర్వాత అదే వాక్యాన్ని మళ్ళీ చదివితే అందులో రెండు చిక్కులు కనిపించాయి. పని అంటే ఏమిటో ముందే తెలియని వారికి ఆ నిర్వచనం వల్ల ఒరిగేదేమీ లేదన్నది మొదటి చిక్కు. రెండవది మన భాషకు సంబంధించినది. "ఒంట్లో శక్తి లేదు", "చేతుల్లో బలం లేదు", "అంత సామర్థ్యం నాకు లేదు" అని మనం ఒకే అలసటను మూడు మాటల్లో చెప్పుకుంటాం. భౌతికశాస్త్రంలో మాత్రం శక్తి, బలం, సామర్థ్యం మూడూ వేర్వేరు రాశులు, వాటి ప్రమాణాలు కూడా వేరే: శక్తికి జౌల్, బలానికి న్యూటన్, సామర్థ్యానికి వాట్. నిర్వచనంలో మామూలు అర్థంతో వచ్చిన "సామర్థ్యం" అనే మాటే రెండు పేజీలు తిప్పగానే వాట్లలో కొలవవలసిన రాశిగా ఎదురుపడితే విద్యార్థి తికమక పడడంలో వింతేమీ లేదు.

అందుకే నిర్వచనాన్ని పక్కన పెట్టి, ఈ ప్రాజెక్టును ఒక చిన్న పనితో మొదలుపెట్టాను. కొద్దిపాటి శక్తిని ఒక వస్తువుకు ఇచ్చి, అది ఎక్కడెక్కడికి పోతుందో ఇంట్లో ఉన్న పరికరాలతో కొలిచి, వచ్చినదానికీ పోయినదానికీ లెక్క సరిపోతుందో లేదో చూడాలి. సామగ్రి పెద్దగా ఏమీ లేదు: 25 మిల్లీమీటర్ల వ్యాసం, 64 గ్రాముల ద్రవ్యరాశి ఉన్న ఉక్కు బేరింగ్ గోళీ, మెత్తని బంకమట్టి, ఒక అల్యూమినియం యాంగిల్ (L ఆకారంలో మడిచినట్టుండే పట్టీ), మీటరు పొడవున్న పీవీసీ పైపు, సీసం గుండ్లు, పదోవంతు డిగ్రీ వరకు చూపించే డిజిటల్ థర్మామీటరు, సెకనుకు 240 ఫ్రేములు తీయగల ఫోను కెమెరా.

ముందుగా కొలమానం చేతికి అలవాటు కావాలి. ఒక న్యూటను బలంతో ఒక వస్తువును ఆ బలం దిశలోనే మీటరు దూరం జరిపితే జరిగిన పని ఒక జౌల్. కిలో బరువును మీటరు ఎత్తుకు లేపడానికి 9.8 జౌళ్లు కావాలి. ఈ రోజంతా నీళ్ళు నింపిన లీటరు సీసాను నేల మీది నుంచి మీటరు ఎత్తున్న బల్ల మీదికి ఎత్తి పెట్టడం, దించడం తప్ప వేరే ప్రయోగమేదీ చేయలేదు. ఒకసారి ఎత్తడానికి పట్టే శక్తి దాదాపు 10 జౌళ్లు, అంటే 10 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఒక్క సెకనులో వాడుకునేంత. 4,000 మిల్లీ ఆంపియర్ అవర్ బ్యాటరీ ఉన్న ఫోనులో సుమారు 55,000 జౌళ్ళు నిల్వ ఉంటాయి. అరచేతిలో ఇమిడే ఆ వస్తువులోని శక్తితో కిలో బరువును మీటరు ఎత్తుకు 5,600 సార్లు లేపవచ్చునన్నమాట. ఈ అంకెను నోటు పుస్తకంలో రాసుకున్నాక, ముప్ఫై సార్లు సీసా ఎత్తిన నా చేయి ఆ రోజుకు విశ్రాంతి కోరింది.

రెండవ రోజు

ఈ రోజు గోళీని బంకమట్టిలో పడవేశాను. ఎత్తులో ఉన్న గోళీకి స్థితిజశక్తి ఉందని, పడుతున్న గోళీకి గతిజశక్తి ఉందని చెప్పడం సులభమే గాని, ఆ గతిజశక్తి వేగంతో సమానంగా పెరుగుతుందా, వేగం వర్గంతో పెరుగుతుందా అన్న ప్రశ్న యూరపులో చాలాకాలం తగవుగా సాగింది. ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్ట్ అనుయాయులు ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే చాలునన్నారు. జర్మన్ గణితవేత్త లైబ్నిట్జ్ 1686లో వేగం వర్గంతో గుణించాలని వాదించాడు. డచ్చి శాస్త్రవేత్త స్‌గ్రావెసాండె ఇత్తడి గోళాలను మెత్తని మట్టిలోకి పడవేసి, వేగం రెట్టింపైతే మట్టిలో పడే గుంట నాలుగింతలవుతుందని 1722లో చూపించాడు. ఆ ఫలితాన్ని ఎమిలీ ద్యు షాత్లే 1740లో తన భౌతికశాస్త్ర గ్రంథంలో విపులంగా చర్చించి, లైబ్నిట్జ్ పక్షాన నిలిచింది. దాదాపు మూడు వందల ఏళ్ళ నాటి ఆ ప్రయోగాన్ని నేను మళ్ళీ చేయడానికి కావలసినవి ఒక పళ్ళెం మట్టి, ఒక స్కేలు మాత్రమే.

మట్టిని పళ్ళెంలో పరిచి, పైభాగాన్ని తడిచేత్తో నున్నగా చేశాను. గోళీని 25, 50, 100 సెంటీమీటర్ల ఎత్తుల నుంచి వదిలి, పడిన గుంటలోకి సిరంజితో నీళ్ళు నింపి, ఎన్ని మిల్లీలీటర్లు పట్టాయో రాసుకున్నాను. గుంట లోతును స్కేలుతో కొలవడం కంటే ఇది నయం. ఎందుకంటే గోళీ గుండ్రనిది, గుంట లోతు రెట్టింపైతే మట్టిని తోసిన పరిమాణం రెట్టింపు కాదు. మూడు ఎత్తులకూ సగటున వచ్చినవి 0.4, 0.8, 1.5 మిల్లీలీటర్లు. 25 సెంటీమీటర్ల నుంచి పడిన గోళీ మట్టిని తాకేటప్పుడు దాని వేగం సెకనుకు 2.2 మీటర్లు, మీటరు ఎత్తు నుంచి పడితే 4.4 మీటర్లు. వేగం సరిగ్గా రెట్టింపు, గుంట నాలుగింతలకు కాస్త తక్కువ. లైబ్నిట్జ్ చెప్పినదే నిజం.

మొదటి ప్రయత్నంలో మాత్రం అంకెలు అడ్డదిడ్డంగా వచ్చాయి. మధ్యాహ్నం ఫ్యాను కింద పెట్టిన మట్టి గంటలోనే ఆరి గట్టిపడింది. దానితో మీటరు ఎత్తు నుంచి పడిన గోళీ చేసిన గుంట, అరమీటరు నుంచి పడినప్పటి గుంటంతే ఉంది. ప్రతి పాటుకూ ముందు మట్టిని పిసికి, తడిగుడ్డ కప్పి ఉంచిన తర్వాతే ఫలితాలు దారికి వచ్చాయి.

గతిజశక్తి సూత్రంలోని "సగం" ఎక్కడి నుంచి వచ్చిందో కూడా ఈ అంకెల్లోనే ఉంది. పడుతున్న వస్తువు వేగం వర్గం, గురుత్వ త్వరణాన్ని ఎత్తుతో గుణించి రెట్టింపు చేస్తే వచ్చేదానికి సమానం. అంటే ద్రవ్యరాశి × గురుత్వ త్వరణం × ఎత్తు అనే స్థితిజశక్తి, కింద పడేసరికి ద్రవ్యరాశి × వేగం వర్గంలో సరిగ్గా సగమవుతుంది. లైబ్నిట్జ్ ఈ సగాన్ని పట్టించుకోలేదు. పని అన్న రాశికి పేరు పెట్టి, దానితో సరిపోయేలా ఈ సగాన్ని సూత్రంలో చేర్చినవాడు 1829లో కొరియోలిస్. ఎనర్జీ అన్న మాటను ఈ అర్థంలో థామస్ యంగ్ 1807లో వాడాడు. స్థితిజశక్తి అన్న పేరు ఇంకా ఆలస్యంగా, 1853లో రాంకిన్ ద్వారా వచ్చింది. భావన ముందు పుట్టి, పేరు వెనక వచ్చింది.

నాలుగవ రోజు

ప్రాజెక్టు అసలు చిక్కు ఈ రోజు మొదలైంది. అల్యూమినియం యాంగిల్‌ను లోయలా పైకి తెరుచుకునేటట్టు పెట్టి, ఒక చివర పుస్తకాలతో ఎత్తు చేశాను. గోళీ దొర్లే దారి పొడవు 1.2 మీటర్లు, ఆ దూరంలో అది కిందికి దిగే ఎత్తు 20 సెంటీమీటర్లు. గోళీని చేత్తో వదిలితే వేలు కొంచెం తోస్తుంది కాబట్టి, దాని ముందు స్కేలు అడ్డంగా పెట్టి, స్కేలును గబుక్కున పైకి లాగే పద్ధతి పెట్టుకున్నాను. వీడియోలో ఫ్రేములు లెక్కపెడితే కాలం తెలుస్తుంది. నిశ్చలస్థితి నుంచి సమత్వరణంతో కదిలే వస్తువు చివరి వేగం సగటు వేగానికి రెట్టింపు కాబట్టి, దారి పొడవును కాలంతో భాగించి రెండింతలు చేస్తే సరిపోతుంది.

20 సెంటీమీటర్లు దిగిన గోళీ కోల్పోయిన స్థితిజశక్తి 0.125 జౌళ్లు. అదంతా గతిజశక్తిగా మారితే చివరి వేగం సెకనుకు 1.98 మీటర్లు ఉండాలి, కాలం 1.21 సెకన్లు, అంటే 291 ఫ్రేములు. వీడియోలో లెక్కపెడితే 396 వచ్చింది. పదిసార్లు చేశాను, 394కూ 398కీ మధ్యనే తిరిగింది. కాలం 1.65 సెకన్లు, వేగం సెకనుకు 1.45 మీటర్లు, గతిజశక్తి 0.068 జౌళ్లు. ఇచ్చినది 0.125, దొరికినది 0.068. దాదాపు సగం జాడ లేదు.

ఇలాంటి సందర్భంలో అందరూ మొదట చూపించే దోషి ఘర్షణ. నేనూ అదే చేశాను. యాంగిల్‌ను తుడిచి, పలుచగా మెషీన్ ఆయిల్ పూసి మళ్ళీ దొర్లించాను. 395 ఫ్రేములు. ఒక్క ఫ్రేము తేడా నా కొలతలోని పొరపాటులోనే కలిసిపోతుంది. పోయిన సగం ఘర్షణ వల్ల కాదు. పైగా ఘర్షణ అంత శక్తిని తినేస్తుంటే ఉపరితలాన్ని బట్టి ఫలితం మారాలి కదా. ఇక్కడ పది పాట్లలోనూ లోటు ఇంచుమించు ఒకే అంకె దగ్గర నిలిచింది. నష్టం ఇంత క్రమశిక్షణతో ఉందంటే అది నష్టమే కాకపోవచ్చు.

ఐదవ రోజు

రాత్రి పడుకున్నాక తట్టింది: గోళీ జారడం లేదు, దొర్లుతోంది. ముందుకు పోయే కదలికతో పాటు తన చుట్టూ తాను తిరుగుతోంది, ఆ తిరుగుడుకూ శక్తి కావాలి. నిన్నటి లెక్కలో ఆ పద్దు రాయనేలేదు. నిండు గోళానికి భ్రమణశక్తి, ముందుకు పోయే గతిజశక్తిలో ఐదింట రెండు వంతులు ఉంటుంది. అంటే మొత్తం శక్తిని ఏడు భాగాలు చేస్తే ఐదు ముందుకు పోవడానికి, రెండు తిరగడానికి. ఆ లెక్కన వేగం సెకనుకు 1.67 మీటర్లు, ఫ్రేములు 344.

సంబరం రెండు నిమిషాలు కూడా నిలవలేదు. నాకు వచ్చినవి 396. లోటు తగ్గింది గాని తీరలేదు. ఇంకా ఐదోవంతుకు పైగా శక్తి కనబడడం లేదు. త్రాసును మార్చి గోళీని మళ్ళీ తూచాను. నిజానికి ఆ పని అక్కర్లేనిది, ఎందుకంటే సమీకరణానికి రెండు వైపులా ద్రవ్యరాశి ఉండి కొట్టుకుపోతుంది. ఎత్తును మళ్ళీ కొలిచాను, సరిగ్గానే ఉంది. పుస్తకం మూసేసి పక్కన పెట్టాను.

ఎనిమిదవ రోజు

ఈ రోజు యాంగిల్ చివర మోకాళ్ళ మీద కూర్చుని, రెండో చివర టార్చి వెలిగించి, గోళీ కింది భాగాన్ని సూటిగా చూశాను. గోళీ అడుగుకూ యాంగిల్ మూలకూ మధ్య చిన్న త్రికోణాకారపు సందులోంచి వెలుతురు కనిపించింది, సుమారు 5 మిల్లీమీటర్ల సందు. గోళీ అడుగు దేనినీ తాకడం లేదు! అది రెండు పక్క గోడల మీద, అడుగుకు చెరో పక్కన 45 డిగ్రీల దూరంలో ఆనుకుని దొర్లుతోంది. అంటే అది దొర్లే వ్యాసార్థం 12.5 మిల్లీమీటర్లు కాదు, దాన్ని రెండు వర్గమూలంతో భాగిస్తే వచ్చే 8.8 మిల్లీమీటర్లే.

ఊహను కళ్ళతో సరిచూసుకోవడానికి గోళీ మీద నల్ల మార్కరుతో చుక్క పెట్టాను. యాంగిల్‌ను నేల మీద చదునుగా పరిచి, గోళీని వేలితో మెల్లగా దొర్లిస్తూ, చుక్క పైకి వచ్చిన ప్రతిసారీ లెక్కపెట్టాను. పది చుట్లకు గోళీ కదిలిన దూరం 56 సెంటీమీటర్లు. అదే గోళీని బల్ల మీద దొర్లిస్తే పది చుట్లకు 78 సెంటీమీటర్లు పోయింది. చదునైన చోట తిరిగే దానికంటే యాంగిల్‌లో అదే దూరానికి ఎక్కువ చుట్లు తిరుగుతోంది, రమారమి 1.4 రెట్లు. తిరిగే వేగం రెండు వర్గమూలం రెట్లు పెరిగితే భ్రమణశక్తి రెండింతలవుతుంది, ఐదింట రెండు కాస్తా ఐదింట నాలుగవుతుంది. ఇప్పుడు మొత్తం శక్తిని తొమ్మిది భాగాలు చేస్తే ఐదు ముందుకు, నాలుగు తిరుగుడుకు.

కొత్త లెక్క ప్రకారం వేగం సెకనుకు 1.48 మీటర్లు, ఫ్రేములు 390. నా కొలత 396. పద్దు మళ్ళీ రాశాను: ముందుకు పోయే శక్తి 0.068 జౌళ్లు, తిరిగే శక్తి 0.054 జౌళ్లు, కలిపి 0.122. ఇచ్చినది 0.125. మిగిలిన లోటు దాదాపు మూడు శాతం, ఘర్షణను నిందించడానికి ఇప్పుడు తగినంత చిన్నదైన లోటు.

ఈ నాలుగు రోజుల తర్వాత శక్తి నిత్యత్వ నియమం నాకు వేరేగా కనబడుతోంది. శక్తి పుట్టదు, గిట్టదు అన్న మాటను మనం చదివే తీరు చూస్తే అది ఒక ప్రకటనలా ఉంటుంది. ప్రయోగం చేసేవాడికి అది వెతికే పద్ధతి. లెక్క సరిపోనప్పుడు నియమం తప్పిందనుకోకుండా, నేను ఏదో పద్దు రాయడం మరిచానని అనుకుని వెతికాను. గోళీ కింది సందు దొరికింది. నియమం మీద నమ్మకం లేకపోతే ఆ సందును నేను చూసేవాణ్ణే కాదు, ఘర్షణ అని రాసి పుస్తకం మూసేవాణ్ణి.

తొమ్మిదవ రోజు

నిన్నటి వివరణ సరైనదైతే యాంగిల్ బదులు చదునైన చెక్క మీద దొర్లించినప్పుడు గోళీ వేగంగా రావాలి. అదే ఎత్తు, అదే పొడవు ఉన్న పలక పెట్టాను. గోళీ నేరుగా రాక పక్కలకు తప్పుకుంటూ సగం పూటను తినేసింది. తిన్నగా దిగిన ఆరు పాట్లను మాత్రమే లెక్కలోకి తీసుకున్నాను. సగటు 348 ఫ్రేములు, ఉండవలసినవి 344. ఇక్కడ లోటు రెండు శాతం.

మరో చిన్న విషయాన్ని కూడా ఈ రోజే తేల్చుకున్నాను. ఇంతవరకు ఎత్తును బల్ల ఉపరితలం నుంచి కొలిచాను. నేల నుంచి కొలిస్తే స్థితిజశక్తి అంకె చాలా పెద్దదవుతుంది, మరి ఏది నిజం? రెండూ నిజమే. దారి పైచివర, కింది చివర రెండింటి ఎత్తునూ నేల నుంచే కొలిస్తే రెండింటికీ ఒకే మొత్తం అదనంగా కలుస్తుంది, తేడా మారదు. స్థితిజశక్తికి సున్నా ఎక్కడ పెట్టుకోవాలన్నది మన ఇష్టం. ప్రకృతి పట్టించుకునేది తేడాను మాత్రమే. గోళీలో శక్తి "ఇంత ఉంది" అనడం కంటే, ఇక్కడి నుంచి అక్కడికి వచ్చేసరికి "ఇంత మారింది" అనడమే కచ్చితమైన మాట.

సాయంత్రం యాంగిల్ ప్రయోగాన్ని మళ్ళీ చేస్తే మళ్ళీ 396 వచ్చింది. నాలుగవ రోజు వచ్చినదే తొమ్మిదవ రోజూ రావడం నాకు విశేషంగా తోచలేదు, జర్మన్ గణితవేత్త ఎమ్మీ నోటర్ సిద్ధాంతం గుర్తుకొచ్చేవరకు. భౌతిక నియమాలు కాలంతో మారకుండా ఉండడమే శక్తి నిత్యత్వానికి మూలమని, ఒకటి ఉంటే రెండోది ఉండి తీరుతుందని ఆమె 1918లో ప్రచురించిన గణిత సిద్ధాంతం చెబుతుంది. గురుత్వాకర్షణ ఉదయం తక్కువగా, సాయంత్రం ఎక్కువగా ఉండే లోకం ఉంటే, ఉదయం గోళీని పైకెత్తి సాయంత్రం దించి, రోజూ కొంత శక్తిని ఉచితంగా సంపాదించవచ్చు. నా నోటు పుస్తకంలో ఒకే అంకె రెండు తేదీల కింద ఉండడానికీ, ఆ ఉచిత శక్తి దొరకకపోవడానికీ కారణం ఒక్కటే.

పన్నెండవ రోజు

ఇక మిగిలిన రెండు, మూడు శాతం సంగతి. అది వేడిగా మారిందని అనడం తేలికే. వేడిని కొలిచి చూపించాలి. గోళీతో అది సాధ్యం కాదు కాబట్టి, మొత్తం శక్తీ వేడిగా మారే ఏర్పాటు కావాలి. పైపులో అర కిలో సీసం గుండ్లు వేసి, రెండు చివరలా రబ్బరు బిరడాలు బిగించి, పైపును తలకిందులు చేస్తే గుండ్లు పై నుంచి కిందికి పడతాయి. సీసం దాదాపుగా ఎగిరిపడదు. పడిన చోటే ఆగిపోయి, గతిజశక్తినంతా వేడిగా మార్చుకుంటుంది. దాని విశిష్టోష్ణం కూడా తక్కువే, కిలో సీసం ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 128 జౌళ్లు చాలు. అదే కిలో నీటికైతే 4,186 జౌళ్లు కావాలి. సీసం విషపదార్థం కాబట్టి గ్లవ్స్ వేసుకుని, పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కుంటున్నాను.

పదిహేడవసారి తిప్పినప్పుడు ఒక బిరడా ఊడింది. అర కిలో గుండ్లు గది నలుమూలలా దొర్లాయి. వాటిని ఏరడానికి పట్టిన గంటన్నరలో, బిరడా మీద టేపు చుట్టడానికి పట్టే అరనిమిషం గురించి ఆలోచించే అవకాశం దొరికింది.

పదమూడవ రోజు

బిరడాలను టేపుతో గట్టిగా చుట్టి, ఒక దానిలో థర్మామీటరు మొన దూరేంత రంధ్రం చేశాను. పైపు లోపలి పొడవు మీటరు, గుండ్లు 6 సెంటీమీటర్ల మందాన పేరుకుంటాయి కాబట్టి అవి పడే దూరం 94 సెంటీమీటర్లు. యాభైసార్లు పడితే వాటికి చేరే శక్తి 230 జౌళ్లు, ఉష్ణోగ్రత 3.6 డిగ్రీలు పెరగాలి. పెరిగింది 2.1.

ఈసారి లోటు ఎక్కడిదో ఊహించడం కష్టం కాలేదు. పైపును తాపీగా తిప్పితే గుండ్లు పడవు, గోడ వెంట జారతాయి, ఆ రాపిడి వేడిలో సగం పైపుకే పోతుంది. ఇక వేడెక్కిన సీసం రెండు నిమిషాలపాటు గదిలోకి వేడిని వదులుతూనే ఉంటుంది. మొదటిదానికి విరుగుడుగా పైపును విసురుగా తిప్పి, గుండ్లు చివరకు చేరేదాకా నిలువుగా ఆపాను. బిరడాల లోపలి వైపు పలుచని ఫోమ్ అంటించాను. రెండవదానికి రంఫర్డ్ వాడిన ఉపాయం ఉంది: సీసాన్ని గది ఉష్ణోగ్రత కంటే సుమారు 2 డిగ్రీలు చల్లగా మొదలుపెడితే, మొదటి సగంలో గది నుంచి వచ్చే వేడి, రెండవ సగంలో గదిలోకి పోయే వేడితో ఇంచుమించు చెల్లుకు చెల్లవుతుంది. ఇలా చేస్తే పెరుగుదల 2.9 డిగ్రీలు, ఉండవలసినదానిలో 81 శాతం.

రంఫర్డ్ పేరు ఇక్కడ రావడం యాదృచ్ఛికం కాదు. వేడి అనేది వస్తువుల్లో దాగి ఉండే ఒక ద్రవమని శాస్త్రజ్ఞులు నమ్మిన కాలంలో, మ్యూనిక్ ఆయుధశాలలో ఫిరంగి గొట్టాలను తొలుస్తుంటే వేడి ఎంతసేపైనా పుట్టుకు వస్తూనే ఉండడం అతడు గమనించాడు. మొద్దుబారిన తొలుపు పరికరాన్ని లోపల నొక్కిపెట్టి, నీటిలో ముంచిన గొట్టాన్ని గుర్రాలతో తిప్పిస్తే, రెండున్నర గంటల్లో నీళ్ళు మరిగాయి. వస్తువులో దాగిన ద్రవమైతే ఎప్పటికైనా అయిపోవాలి కదా అన్నది 1798లో అతడి వాదన. ఎంత కదలికకు ఎంత వేడి అన్న మారకపు రేటును తేల్చినవాడు జేమ్స్ జౌల్. పడే బరువులతో నీటిలో తెడ్లు తిప్పి, 1850లో ప్రచురించిన ఫలితం ప్రకారం, ఒక పౌను నీటిని ఒక ఫారన్‌హీట్ డిగ్రీ వేడెక్కించడానికి 772 పౌన్ల బరువు ఒక అడుగు దిగాలి. ఈనాటి విలువకు అది ఒక శాతం లోపు తేడాతో ఉంది. అతడి నీరు ఒక్కో ప్రయోగంలో వేడెక్కినది ఒక డిగ్రీ కూడా కాదు. నా 19 శాతం లోటును చూస్తూ ఆ అంకెను తలచుకుంటే జౌల్ ఓపిక మీద గౌరవం పెరుగుతుంది.

పదిహేనవ రోజు

సీసాన్ని కిలోకు పెంచాను. చూడడానికి వచ్చిన స్నేహితుడు, బరువు రెట్టింపు కనుక ఉష్ణోగ్రత పెరుగుదల కూడా రెట్టింపవుతుందని పందెం కాశాడు. శక్తి దాదాపు రెట్టింపైన మాట నిజమే, 431 జౌళ్లు. కానీ దాన్ని పంచుకునే సీసం కూడా రెట్టింపైంది. పేరుకున్న గుండ్ల మందం పెరిగి పడే దూరం 88 సెంటీమీటర్లకు తగ్గినందున ఉండవలసిన పెరుగుదల 3.4 డిగ్రీలు, వచ్చినది 3.0. ఉష్ణోగ్రతకూ ఉష్ణశక్తికీ తేడా చెప్పమంటే ఇకమీద నేను ఈ రెండు వరుసలనే చూపిస్తాను. పైపుకు, బిరడాలకు పోయే వాటా మొత్తంలో తగ్గింది కాబట్టి లెక్క కూడా 89 శాతానికి ఎగబాకింది.

యాభైసార్లు తిప్పడానికి పట్టిన కాలం 125 సెకన్లు. 431 జౌళ్లను దానితో భాగిస్తే 3.4 వాట్లు, సీసానికి నేను అందించిన సామర్థ్యం అంతే. చిన్న బల్బుకు కూడా చాలని ఆ కాస్తకే భుజాలు లాగేశాయి. పైపు బరువును మోసింది, ఆపింది, మళ్ళీ తిప్పింది కూడా నేనే. అదేదీ ఈ అంకెలో లేదు. పైగా కండరాలు ఆహారం నుంచి వచ్చే రసాయనిక శక్తిలో నాలుగోవంతుకు మించి పనిగా మార్చలేవు, తక్కినదంతా ఒంట్లోనే వేడిగా మారి చెమట పట్టిస్తుంది. బరువును కదలకుండా పట్టుకుని నిలబడితే భౌతికశాస్త్రం ప్రకారం బరువు మీద జరిగిన పని సున్నా. కండరం మాత్రం ఆ సున్నా కోసం శక్తిని ఖర్చు పెడుతూనే ఉంటుంది. బలం, శక్తి, సామర్థ్యం అన్న మూడు మాటలూ అలసట దగ్గరే ఎందుకు కలగలిసిపోతాయో ఇప్పుడు అర్థమైంది.

పద్దెనిమిదవ రోజు

గుండ్లను డబ్బాలోకి పోసి మూత బిగించాను. యాంగిల్ పద్దులో మిగిలిన లోటు ఒక్కటే తేలకుండా ఉంది. పూర్తి అంకెలతో అది 0.0036 జౌళ్లు. సీసంతో చేసినట్టే దాన్నీ థర్మామీటరుతో పట్టవచ్చునేమోనని లెక్కవేశాను. ఉక్కు విశిష్టోష్ణం కిలోకు సుమారు 470 జౌళ్లు. ఆ లోటంతా గోళీలోనే వేడిగా చేరిందనుకున్నా, ఒకసారి దిగితే అది వేడెక్కేది డిగ్రీలో పదివేలవ వంతు. నా థర్మామీటరు ఒక్క అంకె కదలాలంటే, మధ్యలో వేడి ఏ మాత్రం బయటికి పోకుండా, గోళీ సుమారు 840 సార్లు దిగాలి. అల్యూమినియం తన వాటా తీసుకోకుండా ఊరుకోదు, దొర్లేటప్పుడు వినిపించే సన్నని గరగర శబ్దం కూడా ఎంతో కొంత పట్టుకుపోతుంది. నోటు పుస్తకంలో "ఘర్షణ, శబ్దం, గాలి" అన్న గడిలో 0.0036 అని రాసి, దాని పక్కన "కొలిచినది కాదు, తీసివేతలో మిగిలినది" అని రాశాను.